రేడియేటర్‌లో పోసిన మజ్జిగ

నా చిన్నప్పుడు మా ఇంట్లో తినేవీ తాగేవీ అన్నిటినీ అమ్మమ్మ రెండు రకాలుగానే చూసేది: వేడి చేసేవి, చలువ చేసేవి. మామిడిపండు వేడి, సబ్జా గింజలు చలువ. బెల్లం వేడి, మజ్జిగ చలువ. కోదాడ దగ్గరి మా ఊళ్లో ఎవరికి కళ్లు మండినా, కడుపులో మంట పుట్టినా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె చెప్పిన మందు చాలావరకు పనిచేసేది. అందుకే ఆమె మాటకు ఎదురుండేది కాదు.

పంతొమ్మిది వందల నలభైల చివరిలో ఒక ఎండాకాలం మా చిన్నమ్మ కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు మొదలై పగలూ రాత్రీ గడిచినా బిడ్డ బయటపడలేదు. మంత్రసాని తన వల్ల కాదని, సూర్యాపేట దవాఖానకు తీసుకుపొమ్మంది. మా మామయ్య కోదాడ వెళ్లి కిరాయి మోటారు తెచ్చాడు. వెనుక సీటులో చిన్నమ్మను పడుకోబెట్టి తల అమ్మమ్మ ఒళ్లో పెట్టారు. చిన్నమ్మ నా చెయ్యి వదలలేదు కాబట్టి నన్నూ ఎక్కించారు. దారిలో ఆమెకు తాగించడానికి అమ్మమ్మ కుండ నిండా మజ్జిగ పెట్టుకుంది.

సగం దారిలో మోటారు ముందు భాగం నుంచి ఆవిరి లేచింది. డ్రైవర్ ఆపి, చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. బుస్సుమని ఆవిరి ఎగిసింది. వెంట తెచ్చిన నీళ్లు అప్పటికే అయిపోయాయి. మామయ్య ఖాళీ డబ్బా పట్టుకుని దూరాన కనిపిస్తున్న ఊరికి పరుగెత్తాడు. ఆ రోజుల్లో మా వైపు మోటారు చప్పుడు వినబడితే ఊళ్లు తలుపులు వేసుకునేవి. వచ్చేది పోలీసులో, తుపాకులు పట్టిన ఇంకెవరో ఎవరికి తెలుసు? మామయ్య ఎంత పిలిచినా ఎవరూ పలకలేదట. బావి దగ్గర చేదా తాడూ కూడా లేవట. వట్టి డబ్బాతో తిరిగొచ్చాడు.

అప్పటికి చిన్నమ్మ అరవడం మానేసింది. అరుపుల కంటే అదే ఎక్కువ భయపెట్టింది. అమ్మమ్మ మజ్జిగ కుండ వైపు చూసింది.

"గీ సల్ల పొయ్యి కొడకా," అంది డ్రైవర్‌తో. మా దిక్కు మజ్జిగను సల్ల అంటారు.

"వద్దమ్మా. నీళ్లు తప్ప నేనెన్నడు ఏం పొయ్యలే. ఏమైతదో ఏమో. జర సల్లారనియ్యి, నేను ఇంకో ఊరికి పోయి అడిగొస్త."

"గంతసేపు నా బిడ్డ ఆగుతదా? మనిషికి సలవ జేసేది గీ ఇనుముకు జెయ్యదా?"

మామయ్య కుండ ఎత్తి డ్రైవర్ చేతుల్లో పెట్టాడు. అతను పోశాడు.

మోటారు నిజంగానే కదిలింది. "సూసినవా, నీ మోటారుకు గూడ కడుపుల మంటనే," అన్నాడు మామయ్య. డ్రైవర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మాడిన పాల వాసన గుప్పుమంది. ఇంజన్ దడదడలాడి ఆగిపోయింది. చాలాసేపటికి మూత తీసి చూస్తే మజ్జిగ విరిగి, తెల్లటి ముద్దలు సన్నని గొట్టాల నోళ్లకు అడ్డం పడి ఉన్నాయి. ఇక నీళ్లు దొరికినా పారే దారి లేదు.

ఆ తర్వాత ఒక ఎడ్లబండి వచ్చింది. "ఏందే అవ్వా, మోటారుకు సల్లబువ్వ వెట్టిన్రా?" అంటూ వచ్చిన బండి మనిషి, సీటులో చిన్నమ్మను చూసి నోరు మూసుకున్నాడు. గడ్డి పరిచి చోటు చేశాడు. డ్రైవర్ తన మోటారును రోడ్డు మీదే వదిలి, బండి వెనక నడుస్తూ వచ్చాడు.

సూర్యాపేట చేరేసరికి పొద్దు వాలింది. చిన్నమ్మ దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ మాట వినగానే మామయ్య దవాఖాన వరండాలో డ్రైవర్ చొక్కా పట్టుకున్నాడు. "మోటారు నీది. నీకు తెల్వదారా? నా చెల్లె బిడ్డను సంపినవు గదరా!" చుట్టూ మూగిన జనం కొట్టమనే అన్నారు. అమ్మమ్మ లోపలి నుంచి వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది.

"ఇడువు వాణ్ని. వాడు వద్దనే అన్నడు. పొయ్యమన్నది నేను. నాకు మనిషి కడుపు ఎరుక. మోటారు సంగతి ఎరుక లేదు. ఎరుక లేదని అప్పుడు అనకపోతి. కొడితే నన్ను కొట్టు."

మామయ్య చెయ్యి దిగింది. జనం మెల్లగా పక్కకు జరిగారు. ఎవరూ ఆమెను ఓదార్చలేదు. కాసేపటికి ఆమే నర్సమ్మ దగ్గరికి వెళ్లి, ముందే తెస్తే బిడ్డ బతికేదా అని అడిగింది. నర్సమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఆ తర్వాత కూడా ఊళ్లో వాళ్లు అమ్మమ్మ దగ్గరికి మందుకు వచ్చేవారు. కొందరికి చెప్పేది. కొందరిని మాత్రం "గిది నాకు ఎరుక లేదు, పేటకు పోండ్రి" అని వెంటనే పంపేసేది. ముసలిదానికి మతి తప్పిందని కొందరు రావడం మానేశారు కూడా.

నేను ఉద్యోగం చేసిన చోట్ల, ఏదైనా చెడినప్పుడు అందరి చూపూ అందరికంటే కింద ఉన్న మనిషి మీదికి పోవడం చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు నేను ఎవరికి ఏం చెప్పానో ముందు వరుసగా గుర్తు చేసుకుంటాను. చెడినదానిలో నా మాట ఉంటే లేచి నిలబడి చెబుతాను. ఇప్పుడు ఇంట్లోనూ అంతే. ఎన్నిసార్లు చేసినా ఇది అలవాటు కాలేదు. లేచేటప్పుడు ఈనాటికీ అమ్మమ్మ మాట లోపల అనుకుంటాను: పొయ్యమన్నది నేను.