వెనక సీట్లోంచి విన్న ఇంజన్

2023 మే నెల. మంచిర్యాల నుంచి నస్పూర్ వెళ్లే రోడ్డు మీద నా షెడ్డు. బీటెక్ మెకానికల్ చదివి మెకానిక్ అయ్యాను. మా ఇంట్లో దీన్ని ఇప్పటికీ తాత్కాలిక ఏర్పాటుగానే చెప్పుకుంటారు. రిపేర్లతో పాటు నేను చేసే ఇంకో పని, సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ల తరఫున ముందుగా దాన్ని పరీక్షించడం. పెళ్లిచూపులకు పెద్దమనిషిని వెంటబెట్టుకుపోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ అవతలి పక్షం లోపాలను బానెట్ ఎత్తి చూడవచ్చు.

ఈ పనిలో నాకు ఒక పట్టింపు ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూస్తాను. అమ్మేవాడు మనం రాకముందే దాన్ని వేడిచేసి ఉంచితే, పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగ, మొరాయింపు మనకు కనబడవు. అందుకని తాళం అడగడానికి ముందే బానెట్ మీద అరచెయ్యి పెడతాను, జ్వరం చూసినట్టు. వేడి తగిలితే టీకి పోతాను. ఈ వృత్తిలో చాలా టీలు తాగాను.

రమేశ్ ఆసిఫాబాద్ వైపు ఒక ఊళ్లో సర్కారు బడి టీచరు. భార్య సునీతతోనూ, తండ్రి నర్సయ్యతోనూ వచ్చాడు. నర్సయ్యది సిరిసిల్ల. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ మరమగ్గాలు నడిపాడు. భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాత కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. వారానికి రెండుసార్లు మంచిర్యాలలో డయాలసిస్, అంటే ఒంట్లో రక్తాన్ని యంత్రంలోంచి పంపి శుభ్రం చేసే చికిత్స. ఇంటి నుంచి హైవే ఎక్కేదాకా నల్లరేగడి బాట, మధ్యలో ఒక వాగు. వాగు మీద వంతెన ఉందనే అంటారు. వానాకాలంలో అది నీళ్ల కింద ఉంటుంది.

"పోయిన వానకాలం బాపును ట్రాక్టర్ ట్రాలీల ఏస్కొచ్చినం అన్నా," అన్నాడు రమేశ్. "మీద పట్ట గప్పినం. ఇవుతలి ఒడ్డుకొచ్చి పట్ట తీస్తే కండ్లు తెరుస్తలేడు. ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండినయన్నరు. ఎట్లనో బత్కిండు. గప్పటిసంది ఆస్పత్రంటే రాను రాను అంటుండు. ఈ వానకాలం గట్ల గావొద్దు."

అందుకని నాలుగు చక్రాలూ లాగే ఎస్‌యూవీ కొందామనుకున్నారు. కొత్తది అందదు. అదృష్టమో దురదృష్టమో, ఒకే మోడల్‌లో రెండు పాత బండ్లు దొరికాయి. ఒకటి పెట్రోల్, ఆటోమేటిక్ గేర్లు. ఇంకోటి కొంచెం పాతదైన డీజిల్, చేత్తో మార్చే గేర్లు. ఏది తీసుకోవాలో చెప్పడం నా వంతు.

రెండు బానెట్లూ చల్లగానే ఉన్నాయి. రెండూ మొదటి తాళానికే స్టార్ట్ అయ్యాయి. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే ఏ దాంట్లోంచీ పొగ తన్నుకు రాలేదు. అమ్మేవాళ్లిద్దరూ నిజాయితీపరులు. అలాంటి రోజు నాకు కొంచెం బెరుకుగానే ఉంటుంది.

ఇక మిగిలింది ఇంజన్ స్వభావం. డీజిల్‌కు టార్క్ ఎక్కువ. అంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బండిని లాగే బలం. ఫోర్-లో అని ఒక గేరు ఉంటుంది. అందులో వేసి వదిలేస్తే డీజిల్ బండి బురదలో ఎద్దులా తన దారిన తాను పోతుంది. పెట్రోల్ కూడా పోతుంది గానీ యాక్సిలరేటర్‌ను కాస్త ఎక్కువ తొక్కాలి. వాగు మధ్యలో భయపడ్డవాడి కాలు ఎంత తొక్కాలో అంతే తొక్కదు. అటు పెట్రోల్ బండి ఊగదు, చప్పుడు చెయ్యదు. డయాలసిస్ అయ్యి, వాంతి వచ్చేట్టున్న మనిషికి డీజిల్ కుదుపు నరకం.

నేను లెక్క తేల్చాను. "వాగు పొంగే రోజులు ఏడాదికి కొన్నే. బాపు కూసునేది ప్రతిసారి. పెట్రోల్ తీస్కోర్రి."

రమేశ్ ముఖం తేలికపడింది. అతనికి కావలసిన జవాబూ అదే.

నర్సయ్య అప్పటిదాకా షెడ్డులో బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ పొద్దున డయాలసిస్ అయ్యి నేరుగా వచ్చారు. ఎడమ చేతికి పట్టీ, ఒళ్లో టవల్. బండి గురించి ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన కోసమే కొంటున్నారు కాబట్టి అడగాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు, నాతో సహా.

ఖాయం చేసేముందు రెండు బండ్లనూ హైవే మీద నడిపి చూడాలి. ముందు పెట్రోల్. నేను నడుపుతున్నాను, రమేశ్ పక్కన, వెనక సునీత, మామగారు. బండి కదిలిన సంగతి కూడా తెలియలేదు. కొంత దూరం పోయాక రమేశ్ నా వైపు వంగి గుసగుసగా అన్నాడు: "డాక్టర్ సారు గుండె గూడ మంచిగ లేదన్నడు అన్నా. ఎక్కువ రోజులు..."

వెనక నుంచి సునీత అతని భుజం తట్టింది. "మెల్లగ. మామ ఇంటడు."

అద్దంలో చూశాను. నర్సయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయే మనిషి రెప్పలు అలా అదరవు. తర్వాత షెడ్డుకు వచ్చేదాకా ఏసీ గాలి మాత్రం స్పష్టంగా వినబడింది. అంత మంచి బండి.

తర్వాత డీజిల్. స్టార్ట్ చెయ్యగానే డాష్‌బోర్డు దగ్గర్నుంచి సీటు దాకా ఒక వణుకు. రమేశ్ ఏదో అన్నాడు.

"ఏంది?" అన్నాను.

"క్లచ్ గట్టిగుందా అని!" అరిచాడు.

"ఏసీ జర పెంచుమను!" వెనక నుంచి సునీత అరిచింది.

అంతలో మూడో గొంతు. ఆ రోజు నేను మొదటిసారి విన్నాను. "ఏం బండిరా ఇది, సాంచాల షెడ్డు లెక్కుంది!" నర్సయ్య నవ్వుతున్నాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఇంకొంత దూరం పోయాక చూస్తే ఆయన తల కిటికీకి ఆనించి, నోరు తెరిచి, నిజంగానే నిద్రపోయాడు.

తిరిగొచ్చాక మొగుడూ పెళ్లాలు పెట్రోల్ బండి కాగితాలు చూడటానికి రోడ్డు దాటి పోయారు. నర్సయ్య నన్ను చేత్తో పిలిచాడు.

"ఏది మంచిదన్నవ్ బిడ్డా?"

"పెట్రోల్ కాకా. ఊగది, సప్పుడుండది. నీకు సుకం."

"గదే పరేషాన్."

నేను బెంచీ మీద కూర్చున్నాను.

"బత్కంతా సాంచాల నడ్మ దిరిగిన," అన్నాడు. "ఆడ గుసగుసలు నడ్వయ్. పోగు తెగిందన్నా, బిడ్డ పుట్టిందన్నా, మనిషి సచ్చిండన్నా ఒర్రే చెప్పాలె. అందరికి ఇనవడ్తది. ఇప్పుడు మా ఇంట్ల అందరు మెల్లగ మాట్లాడ్తరు. నేను అర్రలకొస్తె మాట బంద్. టీవీ సప్పుడు గూడ తగ్గిస్తరు. నేను బత్కుండంగనే శవం కాడ గూసున్నట్టు గూసుంటుర్రు."

"నీ మీద పానం కాకా వాళ్లకు."

"ఎర్కే. మంచోళ్లే. గా పెట్రోల్ బండి గూడ మా ఇంటి లెక్కనే ఉంది. గంత తొవ్వ గట్ల గూసుండుడు నాతోని గాదు. నేనెక్క."

"డీజిల్ అయితే?"

"ఎక్కుత."

"వాన పడ్డా?"

"పడనియ్. కని నేను చెప్పిన్నని చెప్పకు. ఇంటె వాడు ఏడుస్తడు. గది గూడ మెల్లగనే ఏడుస్తడు."

ఇంజన్ ఎంపిక మీద నేను విన్న వాదనల్లో దీనికి సాంకేతిక ఆధారం అతి తక్కువ. అయినా లేచి, రోడ్డు అవతలి నుంచి రమేశ్ వస్తున్నాడేమో చూశాను.

రమేశ్ రాగానే చెప్పాను, డీజిలే తీసుకొమ్మని. టార్క్ గురించి, ఫోర్-లో గురించి, వాగులో భయపడే కాలి గురించి మళ్లీ మొదట్నుంచి చెప్పాను.

"జర సేపటి కింద పెట్రోలన్నవు గదన్నా?"

"వాగును తక్కువ లెక్కేసిన."

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నిజాల వరుస మార్చాను, అంతే.

రమేశ్ తండ్రి వైపు తిరిగాడు. "బాపూ, డీజిలైతె ఊగుతది. నీకు తక్లీఫ్ గాదా?"

నర్సయ్య గోడకు వేలాడుతున్న ఫ్యాన్ బెల్టులను చూస్తున్నాడు. "నాకేం ఎర్కరా? మెకానిక్ ఏదంటె గదే," అన్నాడు.

డీజిల్ తీసుకున్నారు. పోయేముందు రమేశ్‌కు ఒక మాట గట్టిగా చెప్పాను: నీళ్లు చక్రంలో సగం దాటితే ఆగాలి, అప్పుడు ఏ ఇంజనైనా ఒక్కటే. ఆ వానాకాలం వాగు రానివ్వని రోజులు ఉన్నాయి. నర్సయ్య రానన్న రోజు మాత్రం లేదు.

వానలు తగ్గాక సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు రమేశే చెప్పాడు. "తొవ్వంత ఒర్రుడే అన్నా మా బాపు. మొన్న వాగు దాటంగనే ఎనక నుంచి ఒర్రిండు, 'అరే, నేను సస్తె సిరిసిల్లకు తీస్కపోర్రి, ఈడ నన్నెవ్వడు గుర్తువట్టడు' అని. ఇంక నేను గూడ ఒర్రిన, 'సరే బాపూ, మరి ఆడ ఎవరెవరికి చెప్పాలె?' అని. సునీత గూడ ఒర్రింది. సావు ముచ్చట, మా అవ్వ ముచ్చట, మా పెండ్లిల ఆయన అలిగిన ముచ్చట, అన్ని ఒర్లుకుంటనే మాట్లాడుకున్నం. ఇంట్ల ఎన్నడు మాట్లాడలే."

ఇంజన్ ఆయిల్ మార్చాను. ఆ సంగతిలో నా పాత్ర గురించి ఏమీ చెప్పలేదు.

మరుసటి ఏడాది చలికాలంలో నర్సయ్య పోయాడు. వాగు ఎండి ఉంది, బాట బాగుంది, బండి సమయానికే చేరింది. గుండె ఆగింది. అది ఏ ఇంజనూ ఆపగలిగింది కాదు. సిరిసిల్లకు అదే బండిలో తీసుకుపోయారు.

దినాలు అయ్యాక రమేశ్ బండి తెచ్చాడు. ఇంజన్ మౌంట్లు అరిగాయి. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య కుదుపును ఆపే రబ్బరు దిమ్మలవి. మారుస్తానన్నాను.

"మారిస్తె సప్పుడు తగ్గుతదా అన్నా?"

"కొంచెం."

బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. "మార్చకుంటె?"

"ఇంజన్ కదిలి పైపులు తెగుతయ్."

"అయితె మార్చు," అన్నాడు.

మార్చాను. ఇప్పుడు ఎవరైనా బండి చూపించుకోవడానికి వస్తే, అరచెయ్యి బానెట్ మీద పెట్టకముందే అడుగుతున్నాను, వెనక ఎవరు కూర్చుంటారని. వాళ్లను తీసుకొచ్చాకే మొదలుపెడతాను. ఎందుకని అడుగుతారు. కంపెనీ రూల్ అంటాను. కంపెనీ నేనే.

ఆ రోజు, మౌంట్లు మార్చాక, రమేశ్ బండెక్కి స్టార్ట్ చేశాడు. కొత్త రబ్బరు మీద ఇంజన్ ముందుకంటే మెత్తగా కొట్టుకుంటోంది. కిటికీ దింపాడు. నేను తలుపు పక్కనే, చెయ్యి అందే దూరంలో నిలబడి ఉన్నాను.

"పోయొస్త అన్నా!" అని అరిచాడు.

నేను కూడా అరిచాను.