మా పెద్దోడి రాకెట్ క్లబ్బు

మా పెద్దోడు మొన్న మాఘమాసంలో పోయాడు. కామెర్లతో పోయాడు. ఈ మాట మొదటే ఎందుకు రాస్తున్నానంటే, మిర్యాలగూడలో సగం మంది వాడు రాకెట్ పేలి పోయాడని చెప్పుకుంటున్నారు. వాడి రాకెట్లు గడ్డివాములు కాల్చాయి, మా రేకుల కప్పుకు బొక్క చేశాయి. వాణ్ణి మాత్రం చంపలేదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. తప్పులుంటే మీరే సర్దుకొని చదువుకోండి.

వాడు రైసు మిల్లులో ఫిట్టరు. సైకిల్ షాపాయన, టైలరు, వాడు కలిసి ఆ క్లబ్బు పెట్టారు. ఆదివారం పూట సాగర్ కాల్వ గట్టుకు పోయి ఇనుప గొట్టాల్లో మందు కూరి పైకి వదిలేవారు. మొదట్లో చాలామంది వచ్చారు. తర్వాత ఎందుకు మానుకున్నారో మీకే తెలుస్తుంది. అప్పుడు మావాడు కాగితాలు రాసి సూర్యాపేట బస్టాండు నుంచి కోదాడ దాకా గోడలకు అంటించాడు.

‘నిప్పు అంటించేవారు కావలెను. అనుభవం అవసరం లేదు. అనుభవం ఉన్నాయన ఇంకా దవాఖానలో ఉన్నాడు.’

‘గడ్డివాముల ఆసాములతో మాట్లాడేవారు కావలెను. గొంతు మెత్తగా, కాళ్లు గట్టిగా ఉండవలెను. జీతం లేదు. చాయ్ ఉంటది. దెబ్బ తగిలితే రెండు చాయ్‌లు.’

అందరూ చదివి నవ్వుకున్నారు. కోదాడ నుంచి ఒకాయన మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొని, సర్టిఫికెట్లు పట్టుకొని మా ఇంటికే వచ్చాడు.

“నెలకెంత ఇస్తారండీ?”

“జీతం లేదని రాసినం గదన్నా.”

“ముందు అందరూ అట్లాగే అంటారు కదండీ.”

మావాడు నవ్వలేదు. “అమ్మా, అన్నకు అన్నం పెట్టు,” అన్నాడు. ఆ రోజు నుంచి నిప్పంటించేది కోదాడాయనే.

ఒకసారి మావాడి ఎడమ కనుబొమ్మ కాలిపోయింది. అది మొలిచేదాకా రోజూ పొద్దున నా కాటుక డబ్బీ తీసి, అద్దంలో చూసుకుంటూ కనుబొమ్మ దిద్దుకొని మిల్లుకు పోయేవాడు. “ఎందుకురా నీకీ పని?” అని తిడితే, “యాడ పడ్డా మన భూమ్మీదనే పడతది గదమ్మా,” అనేవాడు.

దినాలు అయిన మర్నాడు మా మరిది కొట్టంలోని గొట్టాలన్నీ గోనెసంచిలో వేశాడు.

“వదినా, ఈ పిచ్చే పిలగాన్ని తిన్నది. కాల్వల పారేసొస్త.”

“కామెర్లు గొట్టాలకెళ్లి వచ్చినయా? ఆడ పెట్టు.”

“నలుగురు ఏమనుకుంటరు?”

“వాడున్నప్పుడు అనుకున్నదే అనుకుంటరు. పెట్టు.”

ఆ సాయంత్రం క్లబ్బు వాళ్లు ముగ్గురూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. టైలరు తల దించుకొని చెప్పాడు.

“ఇగ మూసేస్తం పెద్దమ్మా. మందు అంటుకోంగనే మేం గట్టు కింద బోర్ల పంటం. తనొక్కడే నిలబడి సూసేటోడు. యాడిదాక పోయిందో తను చెప్తెనే మాకెరుక. ఆ పని మాతోని కాదు.”

“ఏం చెప్పేటోడు?”

“ప్రతిసారి మబ్బు దాటిందనే చెప్పిండు.”

“నేను సూస్త,” అన్నాను.

“మీ మీద పడితే ఎట్లాగండీ అమ్మగారూ?” అన్నాడు కోదాడాయన.

“పడనీ.”

ఆదివారం పోయాం. మావాడు నిలబడే చోట గడ్డి మొలవలేదు, మట్టి గట్టిపడి ఉంది. అక్కడే నిలబడ్డాను. మా మరిది దూరంగా తుమ్మచెట్టు చాటు నుంచి చూస్తున్నాడు. కోదాడాయన నిప్పంటించి ఉరికొచ్చి మిగతా ఇద్దరి పక్కన పడుకున్నాడు. గొట్టం ఊగింది, చెవులు దిమ్మెక్కేట్టు మోగింది, పైకి లేచింది. తాటిచెట్టంత ఎత్తులో పక్కకు ఒరిగి, నాటేసిన మడిలో బుస్సుమని దిగబడింది.

గట్టు కింద నుంచి, తల ఎత్తకుండానే కోదాడాయన అడిగాడు.

“మబ్బు దాటిందా అండీ?”

“లేదు. తాటిచెట్టంత పోయింది. ఇంకోటి పెట్టుండ్రి.”

సైకిల్ షాపాయన లేచి, మోకాళ్లు దులుపుకొని గొట్టాల సంచి దగ్గరకు నడిచాడు. మడిలోంచి లేచిన కొంగలు తెల్లగా ఆ పొగలోనే తిరుగుతున్నాయి, ఒక్కటీ కిందికి దిగలేదు.