అక్క గిటారు, వాళ్ళ నాన్న ఎకో డబ్బా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువూ దండగ కావడానికి వీల్లేదు. సబ్బు అరిగిపోతే ఆ పలచటి ముక్కను కొత్త సబ్బుకు అంటించేవాళ్ళం. చింతపండు పిప్పితో చెంబులు తోమేవాళ్ళం. బడి చదువు నాకు నాలుగో తరగతితోనే ఆగిపోయింది కానీ, ఈ చదువు మాత్రం మా మామ్మ దగ్గర పూర్తిగా చదివాను. నా పిల్లలు నన్ను పిసినారి అంటారు. అననీ. వాళ్ళ ఇళ్ళల్లో లైట్లు ఆర్పేది నేనే.

భిలాయిలో మాది సెక్టారు క్వార్టరు. మా నాన్నా, పక్కింటి అక్క వాళ్ళ నాన్నా విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడి ఉక్కు ప్లాంటులో చేరినవాళ్ళు. ఆదివారం రెండిళ్ళవాళ్ళం కలిసి మా తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళం. అక్కడ అక్క గిటారు వాయించేది. ఆడపిల్ల గిటారు పట్టుకుందని మొదట్లో కొందరు ముక్కున వేలేసుకున్నారు గానీ, వాయించడం మొదలుపెట్టాక ఆ వేలు తీసి తాళం వేసేవారు.

ఆ గిటారుకు ఒక యాంప్లిఫయరు ఉండేది. పవర్ హౌస్ బజారులో రేడియోలు బాగుచేసే ఒకాయన దాన్ని చెక్కపెట్టెలో బిగించి ఇచ్చాడు. లోపల గాజు వాల్వులు. స్విచ్చి వేయగానే పలికేది కాదు, కాస్త వేడెక్కాలి. వేడెక్కాక మాత్రం దాని గొంతు కమ్మగా, కొంచెం బొంగురుగా, జలుబు తగ్గిన మర్నాటి మనిషి గొంతులా ఉండేది. అక్క మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా, ఆమె వేళ్ళు చెప్పినట్టు వినేది.

ఇలా ఉండగా, ఓడల మీద పనిచేసే చుట్టం ఒకాయన విశాఖ నుంచి వస్తూ అక్క వాళ్ళ నాన్నకు ఒక చిన్న ఇనుప డబ్బా తెచ్చి అమ్మాడు. గిటారుకూ యాంప్లిఫయరుకూ మధ్య దాన్ని తగిలిస్తే ఒకసారి మీటిన స్వరం మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. దాని మీద 'డిజిటల్' అని రాసి ఉంది. ఆ మాటకు అర్థం మా వీధిలో ఎవరికీ తెలియదు. అక్క వాళ్ళ నాన్నకూ తెలియదు. అందుకే మరింత గట్టిగా పలికేవాడు.

ఆ ఎకో ఎంత కలపాలో చూసుకోవడానికి డబ్బాకు ఒక నాబు ఉంది. అక్క దాన్ని కొంచెం తిప్పి ఆపింది. వాళ్ళ నాన్న ఊరుకోలేదు.

“పది దాకా అంకెలుంటే మూడు కాడ ఆపేస్తావేటి? మిగతా అంకెలకి మనం డబ్బులివ్వలేదేటి?” అంటూ చివరికంటా తిప్పేశాడు. పైగా ప్లాంటులో వైర్లకు చుట్టే నల్లటేపు తెచ్చి, నాబు మళ్ళీ కదలకుండా చుట్టేశాడు. మా ఇంట్లో పెరిగిన నాకు ఆయన మాట చాలా సబబుగా తోచింది.

నాబు అంతా తిప్పేస్తే అక్క మీటిన అసలు స్వరం వినబడకుండా పోయి, వెనక వచ్చే ఎకోలే మిగులుతాయని చర్చికి వెళ్ళాకే తెలిసింది. మా చర్చిలో పాటకు ఒక పద్ధతి ఉంది. ముందు వాయిద్యం మీద పల్లవి వినిపిస్తారు, అది ముగిశాక అందరూ అందుకుంటారు. ఆ ఆదివారం అక్క పల్లవి వాయించి చేయి తీసింది. పాట మాత్రం ముగియలేదు. పెద్దవాళ్ళు మర్యాదగా ఆగారు. ఆడవాళ్ళ వైపు కొందరు ఓపిక పట్టలేక అందుకున్నారు. వాళ్ళు సగానికి వచ్చేసరికి మగవాళ్ళు మొదలుపెట్టారు. ఢోలక్ ఆయన చెయ్యి పైకెత్తి, ఎక్కడ దించాలో తెలియక అలాగే ఉండిపోయాడు. పాస్టరు గారు పాట అయిపోయిందనుకుని ప్రార్థనకు లేచి కళ్ళు మూసుకున్నారు. డబ్బా మళ్ళీ మోగింది. ఆయన ఒక కన్ను తెరిచి కూర్చున్నారు.

బయటికి వచ్చాక చర్చి పెద్ద ఒకాయన, “వచ్చే వారం కోత పండుగ. అప్పుడు కూడా ఇదే గోలైతే గిటారు ఇంట్లోనే ఉంచుకోండి. మాకు హార్మోనియం చాలు” అనేశాడు. అక్క ముఖం చిన్నబోయింది. ఇంటికి చేరాక వాళ్ళ నాన్న ఇంకో మాట అన్నాడు. చర్చిలో వద్దంటే గిటారు ఇంట్లో బేకారుగా పడి ఉండటం దేనికి, బజారులో అమ్మేస్తానన్నాడు. అంతేగానీ టేపు విప్పనన్నాడు. అక్క ఏడుపు గోడ అవతల మాకు వినిపించింది.

మా మామ్మ కూడా ఆ ఏడుపు వింది. మర్నాడు అక్క వాళ్ళ నాన్నకు వారపు సెలవు. తండ్రీకూతుళ్ళిద్దరినీ భోజనానికి పిలిచి పప్పుచారు పెట్టింది.

మా మామ్మ ఇంగువ వాడే తీరు మీకు చెప్పాలి. పోపు గరిటెకు దాన్ని ఒకసారి చూపించి మళ్ళీ దాచేస్తుందని మా అమ్మ నవ్వేది. అలాంటి మనిషి ఆ రోజు కొత్త డబ్బా తెరిచి, గరిటె వెనక్కి తిప్పి అడుగంతా గీకి మరీ చారులో వేసింది. నేను ఖాళీ డబ్బాలోకి తొంగి చూశాను.

ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏటమ్మా ఇది? పప్పుచారా, పురుగుల మందా?”

“ఇంగువ నాయనా. డబ్బా పూరా వేసేశాను. డబ్బా అంతటికీ డబ్బులిచ్చి చిటికెడేస్తే మిగతాది బేకారు కదేటి?”

“బాగుందమ్మా వరస! పప్పు రుచేదీ? టమాటా రుచేదీ?”

“అన్నీ లోపలే ఉన్నాయి నాయనా. పాపం, బయటికి రాలేకపోతన్నాయి.”

అక్క తల వంచుకుంది. నవ్వుకు భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఆయన మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. చెంబెడు నీళ్ళు తాగి, మజ్జిగ అడిగి, ఎవరి వైపూ చూడకుండా అన్నం ముగించాడు. ఆ సాయంత్రం గోడ అవతల టేపు చర్రున ఊడదీస్తున్న చప్పుడు వినిపించింది. ఆ టేపు కూడా పారేయలేదు, గొడుగు పిడికి చుట్టుకున్నాడు.

మా మామ్మ చారు పారబోసిందనుకుంటున్నారేమో. రోజూ దానిలో కాసిన్ని నీళ్ళు, కాస్త ఉడికిన పప్పు కలిపి, మరగబెట్టి మాకే వడ్డించింది. వారం చివరికి అది నిజంగానే మంచి పప్పుచారైంది.

ఆ వారమంతా అక్క సాధన చేసింది. ముందు డబ్బాను పూర్తిగా తగ్గించి, యాంప్లిఫయరు సొంత గొంతే వినేది. అది కుదిరాక నాబు గోరంత జరిపేది, మళ్ళీ వెనక్కి తిప్పేది. చివరికి ఒకచోట ఆగింది. ఇప్పుడు ఎకో ఉందా అంటే ఉంది, ఎక్కడా అంటే చూపించలేం. తీసేస్తే మాత్రం గది చిన్నదైపోయినట్టుండేది.

కోత పండుగనాడు పల్లవి వేళకు ముగిసింది, జనం వేళకు అందుకున్నారు. ఢోలక్ ఆయన చెయ్యి సరిగ్గా దిగింది. ఆరాధన అయ్యాక చర్చి పెద్ద వచ్చి, “ఆ డబ్బా తీసేసి మంచి పని చేశారు. గిటారు ఇక ప్రతి వారం ఉండాలి” అన్నాడు. అక్క వాళ్ళ నాన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది.

“తీసేదేటండీ! అది ఉంది కాబట్టే ఇంత బాగుంది” అన్నాడు. గిటారు అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నదంతా వాడేస్తేనే పొదుపు అనుకునేదాన్ని. చేతిలో ఉన్నదాన్ని వాడకుండా ఆపుకోవడం అంతకన్నా కష్టమైన పొదుపని ఆ వారం తెలిసింది. పిల్లల్ని తిట్టేటప్పుడు కూడా ఆ లెక్క గుర్తు పెట్టుకున్నాను. అంత మేరకు నేను తిట్టింది తక్కువే, వాళ్ళు నమ్మరు గానీ.

ఇప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్‌లో మా మనవరాలు గిటారు వాయిస్తుంది. దాని దగ్గరున్న యంత్రంలో వందల రకాల శబ్దాలున్నాయట. అది వాయిస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని, “తగ్గించవే, ముందు పెట్టె గొంతు విననీ” అంటూ ఉంటాను. మొన్న కూడా అలాగే అన్నాను.

“అమ్మమ్మా, ఆ యంత్రం కబ్‌కా బంద్ చేసేశాను, ఎప్పుడో!” అంది.

“అయినా ఇంకొంచెం తగ్గించు” అన్నాను.