మూడడుగుల వెదురు చట్రం

మొన్న శనివారం మా మనవరాలు మా ఇంటి హాలంతా సంతలా పరిచేసింది. స్నేహితులతో కలిసి వీపున సంచులేసుకుని కొండలెక్కడానికి వెళ్తుందట, ఇదే మొదటిసారి. చుట్టచుట్టిన పరుపు, తలకి కట్టుకునే దీపం, మందుల డబ్బా, ఏవో పొట్లాలు. వాటి మధ్య కూర్చుని, "తాతా, నువ్వెప్పుడైనా ఇలా నడిచి వెళ్లావా?" అనడిగింది. వెళ్లకేం అని గొప్పలు మొదలుపెట్టబోతూ ఆ కొత్త సంచీని ఎత్తి వెనక్కి తిప్పాను. వీపుకి ఆనే వైపు గుడ్డ కింద రెండు నిలువు కడ్డీలు, వాటి మధ్య అడ్డంగా పట్టీలు తగిలాయి చేతికి. సంచీ వదిలేశాను. "అంత బరువుగా ఉందా తాతా?" అంది అది. ఉందన్నాను.

అరవైల చివర్లో మాట. మాది బొబ్బిలి, మా నాన్నకి బజార్లో కిరాణా కొట్టుండేది. నేను పీయూసీ చదువుతున్నాను, చదువుతున్నానని ఇంట్లోవాళ్ల నమ్మకం. దసరా సెలవుల ముందు కొట్టు సరుకు విడిపించడానికి స్టేషన్‌కి వెళ్తే, రైల్లోంచి ఒక దొర దిగాడు. జుట్టు భుజాల మీదికి, కాళ్లకి మన చెప్పులే, వీపు మీద మాత్రం నిలువెత్తు మూట. ఆ మూట ఒక ఇనప చట్రానికి కట్టి ఉంది. రెండు చేతులూ ఊపుకుంటూ, ఏమీ మొయ్యనివాడిలా నడిచిపోయాడు. రైలు వెళ్లిపోయినా నేనక్కడే నిలబడ్డాను. ఒక మనిషి తన ఇల్లంతా వీపుకి కట్టుకుని పోవచ్చని అప్పటిదాకా నాకు తోచలేదు.

ఇంటికొచ్చి మా మేనమామ కొడుక్కి చెప్పాను. వాణ్ని నేను బావా అనేవాణ్ని, వాడు నాకంటే ఆర్నెల్లు పెద్ద, ఆ ఆర్నెల్లకీ సరిపడా పెత్తనం చేసేవాడు. రెండు రోజుల్లో పథకం తయారైపోయింది. బొబ్బిలి నుంచి రాజాం, అక్కణ్నుంచి శ్రీకాకుళం, అటునుంచి కళింగపట్నం సముద్రం దాకా, నాలుగు రోజులూ నడకే. అటుకులు, బెల్లం, ఉప్పు, అగ్గిపెట్టెలు, ఒక సత్తు గిన్నె, రెండు దుప్పట్లు. గోనెసంచులకి కొట్టులో కరువు లేదు. చట్రం దగ్గరే చిక్కొచ్చింది. ఇనుముతో చేయించే తాహతు మాకెక్కడిది? "ఎదురుతో కట్టిద్దారి. తేలిగ్గా ఉంతాది. బరువు బుజం మీద కాదురా, నడుం మీద పడాల," అన్నాడు బావ, పుట్టినప్పట్నుంచీ మూటలు మోస్తున్నవాడిలా.

ఊరి చివర గంపలూ చేటలూ అల్లే మేదర తాత దగ్గరికి వెళ్లాం. బావ మట్టిలో పుల్లతో బొమ్మ గీశాడు: రెండు నిలువు బద్దలు, ఏడు అడ్డబద్దలు. పచ్చి వెదురైతే పగలదని వాడే తేల్చాడు. తాత ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "పొడుగెంత బాబూ?" అన్నాడు. మూడడుగులన్నాం. ఎవరింటికని అడిగాడు, చెప్పాం. మధ్యాహ్నానికల్లా కావాలన్నాం. అంతే, ఇంకేమీ అడగలేదు. ధర చెప్పమంటే చెయ్యి అడ్డంగా ఊపి లోపలికెళ్లిపోయాడు. బేరం లేకుండా పనైపోయిందని దారంతా సంబరపడ్డాం. ఆ వస్తువుకి మా వైపు ఎవరూ బేరమాడరనీ, ఇల్లు తప్ప ఎవరికని అడగరనీ మా ఇద్దరికీ తెలుసు. తెలిసీ తట్టలేదు. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది అందుకే.

ఇంట్లో అప్ప ఉంది. మా వైపు అక్కని అప్ప అంటాం. రాజాం ఇచ్చాం దాన్ని. తొమ్మిదో నెల, పురిటికి వచ్చింది. అది రెండో కాన్పు. అంతకుముందు ఏడాది ఎండాకాలంలో అత్తవారింట్లోనే నెలలు నిండకుండా కొడుకు పుట్టి, అయిదు వారాలు బతికి పోయాడు. మా అమ్మ లేదు, ఇంటికి మామ్మే పెద్ద. ఆ బిడ్డ ఊసు ఎత్తకూడదని మామ్మ కట్టడి చేసింది. ఎత్తలేదు ఎవరం. అప్ప కూడా ఎత్తలేదు, ఏడవలేదు. పెట్టింది తినేది, పిలిస్తే పలికేది, పుట్టబోయేవాళ్ల కోసం మామ్మ పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతుంటే మాత్రం లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. దానికది అచ్చిరాని పని అనుకుని మామ్మ ఊరుకునేది. మాకెవరికీ అప్పటికి ఏమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం నేనూ బావా నడవలో అటుకులు గుడ్డలో మూట కడుతున్నాం. వీధిలో ధన్‌మని చప్పుడైంది. ఎదురింటి కొట్టాయన చెక్కలు వేసేస్తున్నాడు. ఆ పక్క కొట్టు కూడా. ఎవరైనా పోతే, శవం లేచేదాకా మా వీధిలో అలా మూసేవాళ్లు. ఎవరు పోయారో చూద్దామని ఇద్దరం గుమ్మంలోకి వచ్చాం. మా ఇంటి గోడకే ఆనించి ఉంది అది. పచ్చి వెదురు, ఏడు బద్దలు, కొబ్బరితాడుతో ముడులు. తాత మేం చెప్పనిది కూడా చేశాడు పాపం, దాని మీద వరిగడ్డి పరిచి కట్టాడు. పాడె. మూడడుగుల పాడె. బావ చేతిలో అటుకుల మూట జారి గుమ్మమంతా చిందింది. వీధి మధ్యలో తాత తలవంచుకుని నిలబడి ఉన్నాడు, గుమ్మం దగ్గరికి కూడా రాకుండా.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు అప్పటికే కొంగులు నోటికడ్డం పెట్టుకుని వచ్చేస్తున్నారు. అంత చిన్న పాడె, ఇంట్లో నిండు చూలాలు. ఇంకేమనుకుంటారు? నాన్నకి ఎవరు చెప్పారో, కొట్టు నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, దాన్ని చూసి, అరుగు మీద కూలబడ్డాడు. "నాన్నా, అది మాదే, సంచీకి కట్టుకోడానికి," అన్నాను. నా మాట నాకే పిచ్చిగా వినిపించింది. మామ్మ లోపల్నుంచి తడిచేతులతో వచ్చి చూసి, ముందు నా చెంప మీద ఒకటిచ్చింది. తరవాత వెనక్కి తిరిగి గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది, అప్ప కంట పడకూడదని. అప్పటికే అప్ప ఆవిడ వెనక నిలబడి ఉంది.

అది పడిపోతుందనుకున్నాం అందరం. పడలేదు. మామ్మ చెయ్యి పక్కకి తీసి, మెట్లు దిగి, ఆ వెదురు మీద చెయ్యి వేసింది. గడ్డిని సరిచేసింది కూడా.

"మా గుంటడికి ఇదైనా కట్టలేదురా," అంది నాతో. "తువ్వాల్లో సుట్టి అట్టుకెళ్లిపోనారు. ఏ వైపు అట్టుకెళ్లినారో కూడా నాకు సెప్పలేదు."

నిజానికి పసిబిడ్డలకి పాడె కట్టరు మాలో, ఆ కంగారులో అది ఎవరికీ తట్టలేదు. చేతుల మీద తీసుకెళ్లి పూడ్చి వస్తారు, తల్లికి చోటు చెప్పరు, అక్కడ గుర్తు పెట్టరు. అది మంచికేనని పెద్దల నమ్మకం. ఏడాదిన్నర తరవాత, నడివీధిలో, మా వెధవ చట్రాన్ని పట్టుకుని అప్ప మొదటిసారి ఏడ్చింది. ఆ ఏడుపు విని మామ్మ కూడా మెట్టు మీద కూర్చుండిపోయింది. మేదర తాత గబగబా వచ్చి, "తప్పయిపోనాది తల్లీ," అంటూ ఆ గడ్డి విప్పేశాడు. తప్పెవరిదో వీధిలో అందరికీ తెలిసిపోయింది.

సాయంత్రం అప్ప నన్ను పిలిచింది. "రాజాం మీదుగానే కదేటి ఎల్తారు? మావగారినడిగి ఆ సోటు సూసిరా. అది తెలీకండా ఈ బిడ్డ మొకం నాను సూడలేన్రా," అంది. పొత్తిగుడ్డలు చూసి ఎందుకు లేచిపోయేదో అప్పుడర్థమైంది. మామ్మ వింటూనే ఉంది, వద్దనలేదు. ఆవిడ నోట అడ్డు రాకపోవడం నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ అదురు పుట్టించింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం, చట్రం లేకుండా, గోనెసంచులు వీపుకి తాళ్లతో కట్టుకుని. కొత్త కేన్వాసు బూట్లు రెండు మైళ్లకే బొబ్బలెక్కించాయి. సత్తు గిన్నె అడుగడుక్కీ వీపుకి కొట్టుకునేది. తాళ్లు భుజాలు కోసేశాయి. సగం దారిలో బావ సంచీని నెత్తి మీద పెట్టుకున్నాడు, ఆ తరవాత నేనూ పెట్టుకున్నాను. దొర నడక మా వల్ల కాలేదు. రాజాం చేరేసరికి దీపాలు పెట్టేశారు.

అప్ప మావగారు మొరటు మనిషి, మంచివాడు. తెల్లారి నేను విషయం చెప్పగానే చేతికర్ర తీసుకుని తమ పొలాల వైపు నడిచాడు. వాగు దగ్గర ఆగిపోయాడు, గెడ్డ అంటాం మేం. వానలకి గెడ్డ పొంగి గట్టు సగం కోసుకుపోయింది, మిగిలిందంతా నడుమెత్తు గడ్డి. "ఎండాకాలం గదా బాబూ, అప్పుడు గెడ్డలో సుక్క నీరు లేదు. ఈ తాటిసెట్టుకి అవతలనుకుంతన్నాను," అన్నాడు. నాలుగడుగులు వేసి, కాదేమో, ఇక్కడేమో అన్నాడు. ఇంకాస్త ముందుకెళ్లి నీళ్లకేసి చూశాడు. "గురుతెట్టకూడదన్నారు, ఎట్టలేదు. నాకే తెలీకండా పోనాది," అని కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. ఆ నీళ్లతో పాటే బిడ్డ కొట్టుకుపోయి ఉంటాడని ఇద్దరికీ తెలుసు.

బావ సముద్రం దాకా వెళ్లాడు. బస్సులో వెళ్లి నడిచానని చెప్పుకున్నాడు, అది వేరే సంగతి. నేను రాజాం నుంచే వెనక్కి తిరిగాను. దారంతా ఏం చెప్పాలో తేల్చుకోలేదు. అప్ప గుమ్మంలోనే కూర్చునుంది. దాని మొహం చూశాక నా నోరు దానంతటదే మాట్లాడేసింది. గెడ్డకి ఈవల, మిట్ట మీద, కూర్చోడానికి వీలుగా ఒక నల్లరాయి ఉంది, దాని తూర్పు వైపునే అన్నాను. మీ మావగారు తడుముకోకుండా చూపించారన్నాను. ఆ రాయిని నేను చూసిన మాట నిజం. మిగతాదంతా నేనే కల్పించాను. ఆ రోజు అప్ప రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది. పదో రోజున ఆడపిల్ల పుట్టింది. ఇలాగివ్వండి అని అప్ప తనే చేతులు చాపి తీసుకుంది.

పాపకి అయిదో నెలలో అప్పని అత్తవారింట దింపడానికి నేనే వెళ్లాను. ఇంట్లో అడుగుపెట్టీ పెట్టగానే, "మావగారూ, ఆ నల్లరాయి కాడికి తీసుకెల్లండి," అంది. ఆయన నాకేసి ఒక్కసారి చూశాడు. "పద తల్లీ, అదే సోటు," అన్నాడు. కర్రతో గడ్డి పక్కకి తప్పిస్తూ ఆయనే ముందు నడిచాడు. అప్ప పాపని ఎత్తుకుని ఆ రాయి మీద కూర్చుని, తూర్పుకేసి చూస్తూ ఏవో కబుర్లు చెప్పింది.

ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. పొలాలు చేతులు మారాయి, గెడ్డ సన్నబడింది, అప్ప మోకాళ్లు అరిగిపోయాయి. అయినా ఏడాదికోసారి కర్ర పట్టుకుని అక్కడికెళ్లి కాసేపు కూర్చుని వస్తుంది. నిజం చెప్పేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, ఇప్పుడు రావడం లేదు. యాభై ఏళ్లకి పైగా ఒక తల్లి వచ్చి కూర్చున్న చోటది, ఏ ఏడాదిన నా అబద్ధం నిజమైపోయిందో కాలానికే తెలియాలి.