వెనక కూర్చున్న పెద్దాయన

నాయన నడిపిన పాత లారీ అప్పుడప్పుడు నీలం పొగ వదిలేది. షెడ్డులో నిలబెట్టి ఎంతసేపు చూసినా రాదు. రోడ్డెక్కితే వెనక వచ్చేవాళ్లు తిట్టేవాళ్లు. పిస్టన్ రింగులు పోయింటాయి, ఇంజను మొత్తం విప్పాల్సిందేనన్నాడు మెకానిక్. ఇక నావల్ల కాదని, అమ్మేయడానికి అనంతపురం బయల్దేరాను.

ముదిగుబ్బ దాటాక ఒక పెద్దాయన జబ్బు గొర్రెను పట్టుకొని చెయ్యెత్తాడు. ముందు కూర్చోమంటే వినలేదు. గొర్రె బెదురుతుందని దానితోపాటు వెనకే ఎక్కాడు.

పశువుల ఆసుపత్రి దగ్గర దిగి, నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, ఎత్తు ఎక్కేటప్పుడు నీ బండికి పొగ రాదు. దిగుడంతా దిగినాక నువ్వు మళ్లా తొక్కుతావు చూడు, అప్పుడే నీలంగా ఒకసారి కక్కుతాండాది. మళ్లా ఏమీ ల్యా."

"నీకు బండ్ల పని తెలుసా పెద్దాయనా?"

"నాకు యాడ తెలుస్తాదప్పా! గొర్రెకు బాగలేకుంటే ముందర నిలబడి చూస్తే తెల్దు. ఎనకమ్మడి నడిచి చూడల్ల. అదే అలవాటు."

నేను కొనేవాడి దగ్గరికి పోలేదు. లారీని తిప్పి మెకానిక్ దగ్గరికి పోయి ఆ మాటే చెప్పాను. అతను కాసేపు తల గోక్కున్నాడు.

"రింగులు పోయింటే ఎత్తు ఎక్కేటప్పుడే పొగ ఎక్కువ రావల్ల. అప్పుడు రాలేదంటే అవి బాగుండాయన్నా. వాల్వు సీళ్లు పోయింటాయి, దిగుడులో వాటి సందున ఆయిల్ కారి, మళ్లా తొక్కినప్పుడు కాలతాంటాది."

ఒక్క పూటలో మార్చేశాడు. మళ్లీ ఆ పొగ రాలేదు.

పెద్దాయన పేరైనా అడగలేదు నేను. ఇప్పటికీ ఆ లారీనే నడుపుతున్నాను. దారిలో ఎవరైనా గొర్రెతో చెయ్యెత్తితే ఆపుతాను. వాళ్లు దిగేటప్పుడు మాత్రం, వెనక ఏం కనబడిందని అడుగుతాను.