పట్టా వంకర కనిపించిన మధ్యాహ్నం

ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక దేవతా విగ్రహాలు చెక్కే షెడ్డు ఉంది. సెలవు రోజున ఆ ఉలి దెబ్బలతోనే నాకు మెలకువ వస్తుంది. నిన్న కొత్త బండ మీద పని మొదలుపెట్టినట్టున్నారు. ఇనుము మీద ఇనుము పడుతున్న ఆ చప్పుడు నన్ను నల్లమల అంచుకు, ఎండకు కాగుతున్న రైలు పట్టాల మధ్యకు లాక్కుపోయింది. మంచం మీద లేచి కూర్చున్నాను. సుత్తి భుజాన వేసుకుని కాశీం పీరా నా ముందు నడుస్తున్నట్టే ఉంది.

ఆయన నంద్యాల మనిషి. రైల్వేలో కీమ్యాన్. రోజూ తన వంతు పట్టా పొడవునా నడిచి, వదులైన బిగింపులను సుత్తితో కొట్టి బిగించడం ఆయన పని. మా నాయనతో కలిసి చాలా ఏళ్లు పనిచేశాడు. నాయన గుండెపోటుతో పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. నేను ఆయనను చిన్నాయనా అనేదాన్ని, ఆయన నన్ను పాపా అనేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. సద్ది విప్పుకుని తినేటప్పుడు కూడా పట్టాకు వీపు పెట్టేవాడు కాదు.

నేను చేరిన మొదటి వారంలోనే, గాజులపల్లె దగ్గర మలుపులో గూడ్సు బండి ఎదురొచ్చింది. పక్కకు తప్పుకోవాలని తెలుసు. కాళ్లు కదల్లేదు. ఆయన నా మోచెయ్యి పట్టుకుని కంకర మీంచి కిందికి లాగాడు. పెట్టెలన్నీ పోయేదాకా నేల అదురుతూనే ఉంది, నా పళ్లు కూడా. బండి కనుమరుగయ్యాక ఏడుపొచ్చింది.

"నాకు శానా భయమైతాంది చిన్నాయనా. ఈ పని నాతో కాదు."

భయమెందుకంటాడేమో అనుకున్నాను. ఆయన నా నీళ్ల సీసా తీసి చేతికిచ్చాడు.

"మీ నాయనకూ భయమే. భయం ల్యాకుండా ఈడ నడిచేటోన్ని చూస్తే నాకు భయం."

"ఎన్నాళ్లకు పోతాది?"

"నాకింకా పోల్యా," అని సుత్తి తీసుకుని ముందుకు నడిచాడు.

ఆ రోజుల్లోనే సముద్రం బండి మళ్లీ నడుపుతారన్న మాట వచ్చింది. వెనకటికి ఎండాకాలం రెండు నెలలూ నంద్యాల నుంచి బాపట్ల వైపు ఒక ప్రత్యేక రైలు ఉండేది. మా సీమ ఎండలకు తాళలేని జనం పిల్లలను తీసుకుని సూర్యలంక ఒడ్డుకు పోయి, నాలుగు రోజులు నీళ్లలో నాని వచ్చేవాళ్లు. కరోనా అప్పుడు ఆగిన బండి ఆగినట్టే ఉండిపోయింది. ఎన్నో అర్జీల తర్వాత దానికి మళ్లీ మోక్షం కలిగింది. ఆళ్లగడ్డలో రైలు లేదు కాబట్టి మావాళ్లు నంద్యాలకు ఏ బస్సులో పోవాలో ముందే మాట్లాడుకున్నారు. కాశీం పీరా కూడా భార్య మాబున్నికీ, సముద్రం ఎన్నడూ చూడని మనవరాలు ఆయేషాకూ మొదటి రోజు బండికే టికెట్లు తీశాడు.

ఊరంతా సంబరపడుతుంటే మాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. బండి మధ్యాహ్నం బయలుదేరుతుంది. ఆ వేళకు పట్టా చెయ్యి పెట్టలేనంత కాగుతుంది. కాగిన ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే పక్కకు వంగుతుంది. వంగిన పట్టా మీదికి బండి వస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మేము ఎర్రజెండా, పటాకులు పట్టుకుని కాపలా నడుస్తాం. పటాకు పట్టాకు కడితే, ఇంజను చక్రం కింద పేలి డ్రైవరును హెచ్చరిస్తుంది.

మొదటి రోజు పొద్దున ఒక పెద్ద మేస్త్రీ మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు. "ఈ పొద్దు బండ్లో పెద్దోళ్లు ఉంటారు. ఊరికే నిలిపినారంటే బాగుండదు." కాశీం పీరా నా ముఖం చూశాడు. మలుపుకు నంద్యాల వైపు ఆయన, ఇవతల నేను.

రెండు దాటింది. గాలి లేదు. కంకర మీద వేడి నీళ్లలా కదులుతోంది. ఆ కదలికలో, నాకు కాస్త దూరంలో, ఎడమ పట్టా పక్కకు ఒరిగినట్టు కనిపించింది. కళ్లు తుడుచుకుని చూశాను. ఒరిగినట్టే ఉంది. వంగి చూస్తే లేదు. నిలబడితే ఉంది. ఫోనులో సిగ్నలు లేదు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, బండి చప్పుడు వినగలనో లేదో అని ఇంకో భయం పట్టుకుంది. లేని వంకరకు బండి ఆపితే ఉద్యోగం పోతుందేమో. ఉన్న వంకర వదిలేస్తే? ఆ పెట్టెల్లో ఆయేషా ఉంది.

నంద్యాల వైపు పరుగెత్తాను. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. ఎలా కట్టానో తెలియదు, పటాకులు కట్టాను. ఇంకా ముందుకు పోయి ఎర్రజెండా ఎత్తాను. ఇంజను మలుపు తిరిగి కనిపించింది. కూత మీద కూత. పటాకులు పేలాయి. కళ్లు మూసుకున్నాను, జెండా మాత్రం దించలేదు. తెరిచేసరికి ఇంజను వంకరకు ఇవతలే నిలబడి ఉంది.

కిటికీల్లోంచి అరుపులు, తిట్లు. బండిలోనే వస్తున్న కుర్ర ఇంజినీరు దిగి, దారం లాగి, స్కేలు పెట్టి కొలిచాడు.

"వంపు ఉంది. కానీ హద్దు దాటలేదు. దీనికి బండి ఆపుతారా?" అన్నాడు.

అప్పటికి కాశీం పీరా చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు. భార్యా మనవరాలూ ఉన్న పెట్టె వైపు ఒక్కసారి చూసి, నేరుగా పట్టా దగ్గరికి పోయి కూర్చున్నాడు. తల వంచి, ఒక కన్ను మూసి పట్టా వెంట చూశాడు. లేచి ఇంజినీరుతో అన్నాడు.

"సార్, ఒక మాట. శానా ఏండ్ల కింద ఇట్లాంటి ఎండలోనే నాకూ వంకర కనపడింది. కండ్లు బైర్లు కమ్మినాయేమో అనుకున్యా. తిడతారని జెండా సంచిలోనే పెట్టుకున్యా. బండి పోయింది. కడపటి పెట్టె పడతాదేమో అన్నట్టు ఊగింది. పడల్యా. ఎవురికీ చెప్పల్యా. ఈ పాప నాయనకు గూడా చెప్పల్యా. ఆ పొద్దు నుంచి నాకు సరైన నిద్ర ల్యా. ఈ పాప ఇంటికి పోయి నిద్రపోతాది."

ఇంజినీరు దారం చుట్టుకున్నాడు. మనిషి నడక కంటే నెమ్మదిగా బండిని ఆ చోటు దాటించారు. చక్రాలన్నీ దాటేదాకా కాశీం పీరా నా పక్కన నిలబడి, పెదవులు కదుపుతూ పెట్టెలు లెక్కపెట్టాడు.

ఇద్దరినీ సంజాయిషీ అడిగారు. నా సంగతి అంతటితో ముగిసింది. రిటైరు కావడానికి రెండు నెలలున్న ఆయనను మాత్రం పాత సంగతి గురించి ఆఫీసుకు పిలిపించారు. పింఛను ఏమవుతుందోనని మాబున్ని ఏడ్చింది. చివరకు మందలించి వదిలేశారు. నా వల్లే ఇదంతా అని నేనంటే కసిరాడు. "నీదేముందీ? నోరు తెరిచినందుకు దిగులు ల్యా. ఇన్నేండ్లు తెరవల్యా, అదీ దిగులు."

పోయిన చలికాలం ఆయన కన్నుమూశాడు. నేను పరామర్శకు వెళ్లినప్పుడు మాబున్ని నా చెయ్యి పట్టుకుని, "ఆ పొద్దు బండి నిలిస్తే, నువ్వని తెలవక నేనూ తిట్టినానే," అని ఏడుస్తూనే నవ్వింది.

ఈ ఎండాకాలం కూడా ఆ బండి నడుస్తోంది. నా సెలవు రోజున ఆ దారిలో ఇంకెవరో కాపలా ఉంటారు. అయినా అది గాజులపల్లె దాటిందని కాపలావాళ్ల నుంచి ఫోను వచ్చేదాకా అన్నం ముట్టను. దాటిందని తెలిశాక, రేపటి ఎండ గురించి ఆలోచిస్తూ తింటాను.