పక్కకు జరిగిన అయిదు రూపాయల బిళ్ళ

మైపాడులో మా అన్న పడవ ముక్కుకు పసుపు గుడ్డలో మూటగట్టిన ఒక అయిదు రూపాయల బిళ్ళ ఉండేది. అమ్మ గంపలో చేపలు అమ్మే రోజుల్లో ఎవరో బోణీగా ఇచ్చారు. దాని మీద బొమ్మ మధ్యలో పడలేదు. ఒక వైపుకు జరిగిపోయి, రెండో వైపు నెలవంకంత ఖాళీ మిగిలింది. ఏ అంగట్లోనూ తీసుకోలేదు. బోణీ బిళ్ళను పారేయడానికి చేతులు రాక, అమ్మ దాన్ని గంగమ్మకు ముడుపు కట్టి, అన్న కొత్త పడవకు కట్టింది. అమ్మ పోయాక కూడా అన్న దాన్ని కదపలేదు.

నేను సూళ్లూరుపేటలో జిరాక్స్ అంగడి నడుపుతున్నాను. గిరాకీ లేకపోతే ఫోన్ చూస్తూ కూర్చుంటాను, అదే నా జబ్బు. ఒక వీడియోలో ఎవరో ఇలాంటి అచ్చు తప్పిన బిళ్ళలకు లక్షలు ఇస్తామని చెప్తున్నాడు. వెంటనే అన్న పడవకున్న బిళ్ళ గుర్తొచ్చింది. అన్న పడవ ఇంజను రోజూ మొరాయిస్తోంది, కొత్తది కొనడం మాటలు కాదు. ఆదివారం మైపాడు పోయి బిళ్ళ అడిగాను. అన్న కాసేపు ఆ మూట వైపే చూశాడు.

"నీకు మంచిదనిపిస్తే తీసకపో మ్మే," అన్నాడు. ముడి మాత్రం నాచేతే విప్పించాడు.

మా అంగడికి ఒక పెద్దాయన వస్తుంటాడు. రిటైరయ్యాక నాణేలు పోగుచేయడమే ఆయన పని. గురువారం ఆయన రాగానే బిళ్ళ చేతిలో పెట్టాను. భూతద్దం తీసి అంచంతా చూశాడు.

"ఇంట్లో సుత్తితో కొట్టి ఇట్లాంటివి తయారుచేసేవాళ్ళు ఉన్నారమ్మా. ఇది మాత్రం టంకశాలలో జరిగిన తప్పే. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు ఉంటాయి. ఖాళీ బిళ్ళ మధ్యలో సరిగ్గా కూర్చోకముందే పై అచ్చు దెబ్బ పడింది, బొమ్మ పక్కకు పోయింది. ఒక్కోసారి ముందు బిళ్ళ అచ్చుకే అతుక్కుపోతే, తర్వాత వచ్చే బిళ్ళ మీద బొమ్మ తిరగబడి పడుతుంది. ఇట్లాంటివి అక్కడే చూసి ఏరేస్తారు. కొన్ని తప్పించుకుని సంచుల్లో బయటికొస్తాయి."

"ఎంత వస్తుంది సార్?"

"లక్షలు అనేవాళ్ళను నమ్మొద్దు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజని మీ దగ్గరే డబ్బు గుంజుతారు. దీన్ని ముట్టకుండా వదిలేసుంటే రెండు మూడు వేలు వచ్చేదేమో. ఎవరో బాగా తోమేసినారు. ఇప్పుడు మూడొందలు వస్తే గొప్ప."

తోమింది నేనే. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఏటా గంగమ్మ పూజ నాడు మూట విప్పి, చింతపండు, ఉప్పు వేసి అది బంగారంలా మెరిసేదాకా రుద్దేదాన్ని. అమ్మ నా చేతిని మెచ్చుకునేది. ఇప్పుడేమో మురికిగా ఉంటేనే విలువంట. సరిగ్గా పడిన బిళ్ళ అయిదు రూపాయలు, తప్పుగా పడింది వేలు, తప్పును శుభ్రం చేస్తే మళ్ళీ వందలు. ఎంత ఆలోచించినా నా బుర్రకెక్కలేదు.

"అయితే ఇవి దాచుకోవడం దండగేనా సార్?" అని అడిగాను.

"ఇష్టముంటే దాచుకోండి. లాభం కోసమైతే వద్దు," అని ఆయన జిరాక్స్ కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

అన్నకు ఏం చెప్పాలో తెలియలేదు. ఆశ పెట్టింది నేనే, ఉన్న విలువ పోగొట్టిందీ నేనే. సిగ్గుతోనే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే అడిగాడు.

"అమ్మేసినావా?"

"లేదన్నా. పెద్దగా రాదంట. నేను తోమి పాడుచేసినానంట."

అటువైపు గట్టిగా ఊపిరి వదిలిన శబ్దం వినిపించింది.

"పోనీలే మ్మే. తెచ్చేయ్. ఆదివారం నుంచి వేటకి పోలా."

"ఇంజనా?"

"ఇంజను ఎట్లోగట్లా తిరగతానే ఉండాది. ముక్కు బోసిగా కనపడతా ఉంటే పడవ ఎక్కబుద్ధి కాలా. పక్కోళ్ళకి ఈ నాలుగు రోజులూ చేపలు బాగా పడినాయి."

"ముందే చెప్పుండొచ్చు కదన్నా."

"నా కోసమే గదా తీసకపోయినావు. ఎట్లా చెప్పేది?"

బిళ్ళను మళ్ళీ పసుపు గుడ్డలో మూటగట్టాను. షట్టర్ దించి, మైపాడు పోవడానికి నెల్లూరు బస్సెక్కాను. బిళ్ళకు ఎంత ఇస్తామన్నారని అన్న అడగనే లేదు.